పైన్ చెక్క తరిమెన (లేత్) పడితే బంక: ఉలి, ఉప్పుకాగితం, పాలిష్ మూడూ మొరాయిస్తున్నాయి

అనంత_తరిమెన | అనంతపురం
అన్నలకు నమస్కారం. మెట్ల రెయిలింగ్‌కు కోళ్లు, అంటే నిలువు గుండ్రటి కర్రలు, చేస్తున్నా. ఒక్కోటి 900 మి.మీ. పొడవు, పూర్తయ్యాక లావు 75 మి.మీ. చెక్క దిగుమతి మిషనరీ వచ్చిన ప్యాకింగ్ పెట్టెల పైన్, 90 × 90 దిమ్మెలు. అన్నిటి మీదా హెచ్‌టీ ముద్ర ఉంది. లేత్‌కు 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు, 1440 ఆర్‌పీఎం, మోటారుకూ స్పిండిల్‌కూ 4 అంగుళాల పుల్లీలు.

ఇబ్బందులు ఇవీ. ఉలి వాలు మీద నల్లటి బంక గట్టిగా అతుక్కుని, ఉలి కోయకుండా జారిపోతోంది. 120 నంబరు ఉప్పుకాగితం ఒక్క కోలుకే మెరుగెక్కి పనికిరాకుండా పోతోంది. పాలిష్ వేసినవి పడమటి వసారాలో నిలబెడితే కణుపుల దగ్గర తేనె రంగు చుక్కలు ఊరుతున్నాయి. హీట్ ట్రీట్ చేసిన చెక్కే కదా, ఇట్లా ఏంటికి అవుతోంది?

బురుజు_కింద | కర్నూలు
మూడు ఇబ్బందులుగా కనిపిస్తున్నాయి గానీ జబ్బు ఒకటే. చెక్కలోని బంక గట్టిపడలేదు.

పైన్ బంకలో రెండు పదార్థాలు కలిసి ఉంటాయి. ఆవిరైపోయే టర్పెంటైన్ ఒకటి, మిగిలిపోయే రోజిన్ ఒకటి. రోజిన్ ఒక్కటే ఉంటే మామూలు వేడిలో పెళుసుగా, గోరు గుచ్చితే పొడి అయ్యేలా ఉంటుంది. 70-80 డిగ్రీల దగ్గర గానీ మెత్తబడదు. టర్పెంటైన్ కలిసి ఉన్నంతకాలం మాత్రం అదే రోజిన్ చాలా తక్కువ వేడికే పారుతుంది. ఉలి వాలు రాపిడికి పుట్టే వేడి, ఉప్పుకాగితం కింద పుట్టే వేడి, వసారాలో ఎండ, మూడూ చేసేది ఒకే పని: బంకను కరిగించి బయటికి లాగడం.

ఇక హెచ్‌టీ ముద్ర సంగతి. గోధుమ కంకి బొమ్మ, దేశం కోడ్, పక్కన హెచ్‌టీ అని ఉంటే ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్యాకింగ్ చెక్క నియమం ప్రకారం చెక్క నడిమి దాకా 56 డిగ్రీల వేడిని ఆపకుండా 30 నిమిషాలు ఉంచారని అర్థం. అది పురుగును చంపడానికి. బంక గట్టిపడాలంటే 71 డిగ్రీలు కావాలి, అదీ అంగుళం మందం పలకకు సుమారు 24 గంటలు. కాబట్టి ఆ ముద్రకూ బంకకూ సంబంధమే లేదు. చెక్క ఆరిందని కూడా ఆ ముద్ర చెప్పదు. కిల్న్‌లో ఆరబెట్టినదైతే పక్కన కేడీ అని విడిగా ఉంటుంది.

ముద్రలో ఎంబీ అని కనిపిస్తే ఆ దిమ్మెను పక్కన పడేయండి. అది మిథైల్ బ్రోమైడ్ విషవాయువు పట్టించిన చెక్క. ఇంట్లో చేత్తో పట్టుకునే వస్తువుకు వాడొద్దు.

గుత్తికోట | గుత్తి
మన ఎండలు చాలవా అన్నా? మే నెలలో రేకుల షెడ్డులో పైన అటక మీద పరిస్తే బంక దానంతటదే ఆరిపోదా?

బురుజు_కింద | కర్నూలు
చాలదు తమ్ముడూ. రేకుల కింద మధ్యాహ్నం ఎంత మాడినా చెక్క నడిమి భాగం 71కి చేరదు, రాత్రికి మళ్లీ దిగిపోతుంది. పై పొరలో టర్పెంటైన్ పోయి తోలు గట్టిపడుతుంది, లోపల బంక పచ్చిగానే ఉంటుంది. తరిమెన పడితే ఆ తోలే ముందు రాలిపోతుంది కదా, పచ్చి బంక ఉన్న పొర బయటపడుతుంది. అటక మీద తడి ఆరుతుంది, అంతవరకు మంచిదే. అయితే మన గాలి పొడి గాలి. దిమ్మె కొసలకు పాత ఆయిల్ పెయింటో కరిగించిన మైనమో పూయకపోతే కొసల నుంచి నెర్రెలు పడతాయి.

సిద్ధవటం_చెక్కపని | కడప
వేడి పెట్టె కట్టుకోవడం మేలు, పెద్ద ఖర్చు కాదు. 900 మి.మీ. కోళ్లు 12 దాకా పట్టేందుకు లోపలి కొలత 1100 × 500 × 500 మి.మీ. చాలు. లోపల జీఐ రేకు, మధ్యలో 50 మి.మీ. రాక్‌వూల్, బయట ప్లైవుడ్. థర్మోకోల్ పెట్టొద్దు. 80 డిగ్రీల దగ్గరే కుంగిపోవడం మొదలవుతుంది, మనకు కావలసిన వేడీ దాదాపు అక్కడే ఉంది.

వేడికి రెక్కల హీటర్ 500 వాట్లది చాలు. ఎర్రగా మండే కాయిల్ అస్సలు వద్దు. టర్పెంటైన్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకోగల వేడి) సుమారు 35 డిగ్రీలు, పెట్టె నిండా దాని ఆవిరే ఉంటుంది. హీటర్ మీద బంక చుక్క రాలకుండా పైన వంపు రేకు ఒకటి గొడుగులా బిగించండి. గాలి తిరగడానికి చిన్న ఫ్యాన్, ఆవిరి పోవడానికి కింద ఒకటి పైన ఒకటి 25 మి.మీ. రంధ్రాలు. 99 డిగ్రీల దాకా చూపే డిజిటల్ కంట్రోలర్, దానితో సంబంధం లేకుండా వేడి మితిమీరితే కరెంటు ఆపేసే థర్మల్ కటాఫ్ విడిగా ఒకటి. కంట్రోలర్ రిలే అతుక్కుపోతే కాపాడేది ఆ కటాఫే. పెట్టెను పనిచేసే షెడ్డులో కాకుండా ఆరుబయట, రంపపు పొట్టుకు దూరంగా పెట్టండి. వంటింటి ఓవెన్‌లో ఈ పని చేయొద్దు, పక్కన గ్యాస్ మంట ఉంటే మరీ ప్రమాదం.

చేసే వరుస ఇది. ముందు తేమ చూడాలి. మీటరు 12 శాతం కంటే ఎక్కువ చూపిస్తే నేరుగా 71కి పోవద్దు. పై పొర ముందే ఆరి బిగుసుకుంటే లోపల పగుళ్లు వస్తాయి. 50 డిగ్రీల్లో మొదలుపెట్టి, తేమ 12కి దిగేదాకా ఆగి, తర్వాత 60, ఆ తర్వాత 75. 75 ఎందుకంటే గాలి వేడి, చెక్క నడిమి వేడి ఒకటి కావు. ఒక దిమ్మెకు 6 మి.మీ. రంధ్రం నడిమి దాకా వేసి సెన్సర్ అందులో దూర్చండి. అది 71 చూపించినప్పటి నుంచే గంటలు లెక్క.

ఇంకో మాట. 90 మి.మీ. చదరపు దిమ్మెలను అట్లే పెట్టకండి. ముందే తరిమెన మీద గుండ్రంగా 82 మి.మీ.కు మోటుగా దించి అప్పుడు పెట్టెలో పెట్టండి. వేడి నడిమికి తొందరగా చేరుతుంది, మూలల్లోని అక్కరలేని చెక్కను వేడి చేసే కరెంటు మిగులుతుంది, దాగి ఉన్న బంక సంచులు ముందే బయటపడతాయి. కొంచెం వంకర పోయినా సరిచేసుకునేందుకు 7 మి.మీ. చేతిలో ఉంటుంది. ఈ లావుకు నడిమి వేడి అందిన తర్వాత రెండు పగళ్లు రెండు రాత్రులు ఉంచండి. తలుపు తీయకుండా పెట్టెలోనే చల్లారనివ్వాలి.

అయిందా లేదా అనేదానికి గడియారాన్ని నమ్మొద్దు. చల్లారిన కోలు కొస నుంచి 20 మి.మీ. ముక్క కోసి, కణుపు దగ్గర బంకలో చాకు మొన గుచ్చండి. పొడిలా రాలితే అయినట్టు. తీగలా సాగితే మళ్లీ పెట్టెలోకే.

అనంత_తరిమెన | అనంతపురం
సెన్సర్ రంధ్రం నడిమి దాకా వేస్తే ఆ కోలు పాడవదా సిద్ధవటం అన్నా?

సిద్ధవటం_చెక్కపని | కడప
అన్నిటికన్నా ఎక్కువ కణుపులున్న దిమ్మెను, ఎట్లాగూ పక్కన పెట్టేదాన్ని, సెన్సర్‌కు కేటాయించండి. ప్రతి విడతలో అదే ఉంటుంది. లావు మాత్రం మిగతావాటితో సమానంగా ఉండాలి.

ఉలిమొన | నంద్యాల
పెట్టె పని బాగా చెప్పారు. అయితే బంక గట్టిపడినా పైన్ పైనే. ఉలి పద్ధతి మారకపోతే కోత బాగుండదు. పైన్‌లో లేత వలయం మెత్తన, ముదురు వలయం గట్టి. మొద్దు ఉలి లేత పొరను కోయదు, అణచిపెడుతుంది. అణిగిన నార పాలిష్ తడి తగలగానే లేచి నిలబడుతుంది.

టేకుకు పట్టే సాన కోణం దీనికి పనికిరాదు. స్క్యూ ఉలి (కొస అంచు ఏటవాలుగా ఉండేది) రెండు వాలుల మధ్య కోణం 25 నుంచి 30 డిగ్రీలు. స్పిండిల్ గౌజ్ (సన్నటి గాడి ఉలి) 35. మోటు పనికి రఫింగ్ గౌజ్ 45 చాలు. గ్రైండర్ తర్వాత సన్నటి రాయి మీద వాలు అద్దంలా మెరిసేదాకా రుద్దండి. గరుకు వాలుకే బంక ఎక్కువ పడుతుంది. స్క్యూను మొన పైకి పెట్టి, అంచులో కింది సగంతోనే కోయాలి. పైమొన తగిలితే లోపలికి దూసుకుపోయి పొడవునా గాడి పడుతుంది. ఎప్పుడూ లావు నుంచి సన్నానికి దిగాలి. స్క్రేపర్ (గీకే ఉలి) మాత్రం పట్టొద్దు, లేత వలయాన్ని పీకేస్తుంది.

ఉలి ఆనించే టూల్ రెస్ట్‌కూ చెక్కకూ ఎడం 3-4 మి.మీ. మించకూడదు. కణుపు వచ్చినచోట ఉలి ఎగరడానికి పెద్ద కారణం ఆ ఎడమే.

గుత్తికోట | గుత్తి
ఉలికి పట్టిన బంకను కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే పోతుంది కదా?

ఉలిమొన | నంద్యాల
పోతుంది, కానీ ఉలి మీద జిడ్డు మిగులుతుంది. ఆ జిడ్డు చెక్కకు అంటి, అక్కడ పాలిష్ పట్టదు. ఫ్రెంచ్ పాలిష్‌కు వాడే స్పిరిట్‌తో తుడవండి, రోజిన్‌ను అది తొందరగా కరిగిస్తుంది, జిడ్డు ఉండదు. పెయింట్ షాపులో టర్పెంటైన్ అని ఇచ్చేది చాలాసార్లు పెట్రోలియం సరుకే, పైన్ నుంచి తీసింది కాదు. రోజిన్ మీద అది స్పిరిట్ పనిచేసినంత బాగా పనిచేయదు.

మొండిగా ఎండిపోయిన బంక ఉంటే గోరువెచ్చని నీళ్లలో చాకలి సోడా కలిపి, ఉలి ఇనుము మాత్రం మునిగేలా 10-15 నిమిషాలు ఉంచండి. రోజిన్‌లో ఆమ్లాలుంటాయి, సోడాతో కలిసి సబ్బులా మారి ఊడిపోతాయి. రంపపు బిళ్లలకూ ఇదే మందు. కడిగి తుడిచి, వెంటనే సన్నగా నూనె రాసి, వాడేముందు ఆ నూనెను స్పిరిట్‌తో తీసేయాలి. అల్యూమినియం భాగాలను సోడా నీళ్లలో పెట్టకండి, తినేస్తుంది.

బురుజు_కింద | కర్నూలు
వేగం గురించి ఎవరూ చెప్పలేదు. అంగుళాల్లో లావును ఆర్‌పీఎంతో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలన్నది తరిమెన పనివాళ్ల లెక్క. మీ కోలు 3 అంగుళాలు, కాబట్టి 2000-3000. మీ సమాన పుల్లీలతో వచ్చేది 1440 మాత్రమే, పైన్‌కు అది మరీ నెమ్మది. నెమ్మదిగా తిరిగితే నార కోతకు బదులు చిరుగుతుంది. మోటారుకు 5 అంగుళాలు, స్పిండిల్‌కు 3 అంగుళాల పుల్లీ వేస్తే 1440 × 5 ÷ 3, అంటే 2400. చదరంగా ఉన్నప్పుడు మాత్రం పాత 1440 మీదే ఉంచి, గుండ్రం అయ్యాకే బెల్టు మార్చండి.

ఉప్పుకాగితానికి మోటారు 2, స్పిండిల్ 6 పుల్లీ. 480 వస్తుంది.

అనంత_తరిమెన | అనంతపురం
ఉప్పుకాగితం వేగంగా తిరిగితేనే నున్నగా వస్తుందనుకున్నా. 480 తక్కువ కాదా?

ఉలిమొన | నంద్యాల
వేగం పెంచితే వేడి పెరుగుతుంది. వేడికి బంక కరిగి కాగితం గరుకుల మధ్య నిండుతుంది. నిండిన కాగితం కోయదు, ఇంకా వేడెక్కిస్తుంది. మీ 120 మెరుగెక్కిపోవడం ఇదే. 400-500 మధ్య, వేలి కింద వెచ్చదనం తెలిస్తే వెంటనే తీసేయాలి. తెల్లటి స్టీరేట్ పూత ఉన్న కాగితం అడిగి తీసుకోండి, తొందరగా నిండదు. నిండితే క్రేప్ రబ్బరు చెప్పు అడుగు ముక్కతో రుద్దితే బంక ఊడి వస్తుంది.

కాగితం ఎంత తక్కువ వాడితే అంత మంచిది. మెత్తటి వేలితో అద్ది రుద్దితే లేత వలయం అరిగి, ముదురు వలయం గట్టులా లేస్తుంది. తిన్నటి భాగాలకు కాగితం వెనక చెక్కముక్క పెట్టండి. స్క్యూ బాగా కోస్తే 150తో మొదలుపెట్టి 240 దగ్గర ఆపొచ్చు. చివర లేత్ ఆపి, నార వెంట పొడవునా రెండుసార్లు రుద్దండి, అడ్డ గీతలు పోతాయి.

ఆఖరి కోతకు ముందు స్పిరిట్‌లో పలచగా కరిగించిన లక్క ఒక పూత పూసి ఆరనిస్తే మెత్తటి నార బిగుసుకుంటుంది, స్క్యూ దాన్ని శుభ్రంగా తీస్తుంది. కొసల దగ్గర, పూసల పక్కన తేడా బాగా తెలుస్తుంది.

సిద్ధవటం_చెక్కపని | కడప
ఉలిమొన గారితో ఒక్క విషయంలో ఒప్పుకోను. కొత్తవాళ్లు స్క్యూతో 900 మి.మీ. పొడవు లాగితే కణుపుల దగ్గర దెబ్బ తప్పదు. కణుపుకు రెండువైపులా 20 మి.మీ. దాకా నార వంకర తిరిగి ఉంటుంది. అక్కడ పదునైన స్పిండిల్ గౌజ్‌ను పక్కకు వాల్చి, సన్నటి పొర తీయడమే భద్రం. స్క్యూ మిగతా శుభ్రమైన చోట పెట్టుకోవచ్చు.

ఉలిమొన | నంద్యాల
కణుపు దగ్గర మీ మాటే సరి. అనంత_తరిమెన గారూ, అక్కడ గౌజ్ పట్టండి, కణుపు దాటగానే మళ్లీ సాన. గట్టి కణుపు ఒక్కటి చాలు అంచు తీసేయడానికి.

పెన్నేటి_పాయ | ప్రొద్దుటూరు
బిగింపు గురించి నాలుగు మాటలు. చెక్కను తిప్పే నాలుగు పళ్ల డ్రైవ్ సెంటర్‌ను లేత్ మీద బిగించి నొక్కితే మెత్తటి కొసలో గిర్రున తిరిగి గుంట పడుతుంది. దాన్ని ముందే విడిగా కొయ్య సుత్తితో కొట్టి పళ్లు దింపాలి, తర్వాతే లేత్ ఎక్కించాలి. చెక్క రెండో కొసను పట్టే టెయిల్‌స్టాక్ వైపు సూది మొన కాకుండా చుట్టూ అంచున్న కప్పు రకం, చెక్కతో పాటు తిరిగే లైవ్ సెంటర్ వాడండి. సూది మొన పైన్‌లో మేకులా దిగి చీలుస్తుంది. నడిమి మజ్జ ఉన్న దిమ్మెలు మెట్లకు తీసుకోవద్దు, పొడవునా పగిలే ప్రమాదం ఎక్కువ.

900 పొడవు 75 లావుకు నడిమిని పట్టి ఊగకుండా ఆపే స్టెడీ రెస్ట్ అక్కర్లేదు. నడిమి గొంతు 40 మి.మీ. కంటే సన్నం చేస్తే మాత్రం ఊగుతుంది.

గుత్తికోట | గుత్తి
పాలిష్‌కు బదులు ఏటికొప్పాక బొమ్మల మాదిరి లక్క బిళ్ల తిరిగే చెక్కకు అదిమి రంగు పట్టిస్తే? చానా అందంగా ఉంటుంది కదా.

బురుజు_కింద | కర్నూలు
ఆ పనికి చెక్క వేరు. ఏటికొప్పాకలో వాడేది అంకుడు కర్ర. పైన్ లాంటి బంక నాళాలు అందులో ఉండవు, నార బిగువుగా, సమంగా ఉంటుంది. లక్క బిళ్ల అదిమినప్పుడు రాపిడి వేడికి లక్క కరిగి చెక్కను పట్టుకుంటుంది. లక్క మెత్తబడే వేడీ, రోజిన్ మెత్తబడే వేడీ దాదాపు ఒకటే. పైన్ మీద లక్క కరిగేసరికి దాని కింద బంక కూడా కదులుతుంది, పట్టు దొరకదు. లక్క రంగు కావాలంటే అంకుడు తెచ్చుకుని చేయడమే న్యాయం.

అంకుడు దొరకలేదని మన నల్లమలలో, శేషాచలంలో దొరికే కొండగుగ్గిలం, అందుగు చెట్ల చెక్కను దీనికి అడగొద్దని ఇప్పుడే చెప్తున్నా. కొండగుగ్గిలం శేషాచలం చుట్టుపక్కల తప్ప పెద్దగా కనిపించని చెట్టు. బతికి ఉన్నప్పుడు అది ఇచ్చే సాంబ్రాణి విలువ ముందు నాలుగు కోళ్ల చెక్క ఎంత?

ఉలిమొన | నంద్యాల
పాలిష్ సంగతి. బంకను ఆపే పూత లక్కే, కానీ బిళ్లగా కాదు, స్పిరిట్‌లో కరిగించింది. మైనం తీసిన లక్క రేకులు 20-25 గ్రాములు 100 మి.లీ. స్పిరిట్‌లో, గాజు సీసాలో మూత పెట్టి రాత్రంతా నాననివ్వండి, మర్నాడు సన్న గుడ్డలో వడకట్టండి. కణుపుల మీద, వాటి చుట్టూ ఓ అంగుళం మేర మూడు పలచటి పూతలు. పూతకూ పూతకూ మధ్య గంట. మందంగా ఒకే పూత వేయకూడదు. స్పిరిట్ బంకను కూడా కరిగిస్తుంది కాబట్టి మొదటి పూతలో కొంచెం బంక కలుస్తుంది, దాన్ని రెండోది, మూడోది మూసేస్తాయి. మైనం ఉన్న మామూలు చపడా లక్క మీద పీయూ (పాలీయురేథేన్ పాలిష్) సరిగా పట్టదు, అందుకే మైనం తీసింది అంటున్నా.

కోలు మొత్తానికి రంగు వేసేట్టయితే ముందు దాన్నే సగానికి పలచన చేసి, అంటే 100 మి.లీ.కు 10-12 గ్రాములు, ఒక్క పూత. లేకపోతే లేత వలయం రంగు తాగేసి మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఆరాక 320తో తేలిగ్గా తుడిచి, ఆపైన పీయూ.

అవిసెనూనె లాంటివి కణుపుల మీద నేరుగా పూయొద్దు. నూనె బంకను ఆపదు, దానిలో కలిసిపోతుంది. పడమటి వసారాకు ముదురు రంగు కూడా వద్దు. ఎండలో ముదురు రంగు చెక్క పైభాగం 60 డిగ్రీలు దాటగలదు. పెట్టెలో సరిగా గట్టిపడని చెక్కయితే ఆ వేడికే మళ్లీ ఊరుతుంది.

పెన్నేటి_పాయ | ప్రొద్దుటూరు
ముక్కుకు ఎన్95 మాస్కు లేకుండా పైన్‌కు ఉప్పుకాగితం పట్టొద్దు. రోజిన్ దుమ్ము కొందరికి ఉబ్బసం, చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తర్వాత కొంచెం తగిలినా వస్తుంది. గ్రైండర్ నిప్పురవ్వలు పైన్ పొట్టు మీద పడకుండా చూడండి. అవిసెనూనె గుడ్డలు ఉండ చుట్టి పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ల డబ్బాలో వేయండి.

అనంత_తరిమెన | అనంతపురం
అందరికీ రుణపడ్డా. పుల్లీలు మారుస్తా, పెట్టె సామాను రాసుకున్నా. ఆఖరి ప్రశ్న: మోటుగా దించిన వాటిలో రెండింటికి వలయాల మధ్య కన్ను ఆకారంలో సంచి బయటపడింది, లోపల కారే బంక. పారేయాలా?

సిద్ధవటం_చెక్కపని | కడప
పారేయక్కర్లేదు. వేడి పెట్టెకు ముందే చాకు మొనతో లోపలి బంక తోడేయండి, స్పిరిట్ అద్దిన గుడ్డతో గోడలు శుభ్రం చేయండి. పెట్టె నుంచి వచ్చాక గోడలు మళ్లీ ఒకసారి గీకి స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే ఎపాక్సీలో పైన్ పొట్టు కలిపి నింపండి. పచ్చి బంక మీద ఎపాక్సీ పట్టదు, తిరిగేటప్పుడు ముక్కగా ఊడి ఎగురుతుంది. ఒక రోజంతా గట్టిపడనిచ్చి అప్పుడు ఉలి పెట్టండి, ముఖానికి షీల్డు పెట్టుకోండి. సంచి పొడవు 40 మి.మీ. దాటినా, అది పడినచోట గొంతు సన్నగా చెక్కాల్సి ఉన్నా ఆ కోలును మెట్లకు వాడకండి. సెన్సర్‌కు ఒక దిమ్మె కావాలి కదా, దానికి పెట్టుకోండి.